పిట్టగోడ

ఆ చుట్టుపక్కల పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ ఆవిడ వెళ్ళేది. భుజాన బరువు చూసే మిషను, చేతిలో ఫైలు. ఆవిడ అసలు పేరు ఆసుపత్రి రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ తూకం నర్సే. నిజానికి పిల్లల్ని తూచడం ఆవిడ ఉద్యోగంలో సగమే. మిగిలిన సగం, తల్లీ తండ్రీ ఎలా ఉన్నారో చూడడం. దానికి మిషనేమీ లేదు. పది ప్రశ్నలున్న ఒక కాగితం ఉండేది, అంతే.

ఇరవై రెండేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నలు. ఆవిడకు నిద్రలో లేపినా వచ్చేవి. అలా అలవాటుగా అడగడం వల్లే చిన్ని విషయంలో పొరపాటు జరిగిందని ఆవిడ తరవాత చాలాకాలం అనుకుంది.

చిన్ని కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు కోసి ఫ్రేముల్లో బిగించే పని చేసేది. అసలు పేరు వేరే ఉన్నా ఇంటాబయటా చిన్నీయే. ఆమె భర్త లిఫ్ట్ మెకానిక్. ఆ షాపున్న భవనంలో లిఫ్ట్ బాగుచేయడానికొచ్చి, పని అయిపోయాక కూడా మూడు నెలల పాటు ఏదో ఒక వంకతో వస్తూ పోతూ, చివరికి ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. "ఆ లిఫ్టుకి అసలు ఏ రోగమూ లేదు సిస్టర్, రోగం నాకే" అని నర్సుతో మొదటి రోజే చెప్పి నవ్వించాడు.

అప్పటికి పాపకు పదకొండో రోజు. వాళ్ళుండేది ఐదో అంతస్తులో. మెట్లు, లిఫ్టు ఒక చివర, వాళ్ళ తలుపు ఇంకో చివర. మధ్యలో పొడుగాటి వరండా, దాని పక్కన నడుమెత్తు పిట్టగోడ. గోడ అవతల గాలి తప్ప ఏమీ లేదు. నర్సు పాపను తూచి, బరువు రాసుకుని, కాగితం తీసి ప్రశ్నలు అడిగింది. మెకానిక్ పక్కనే కుర్చీలో కూర్చుని పాప కాలివేళ్ళు లెక్కపెడుతున్నాడు.

"కారణం లేకుండా భయం వేస్తోందా?"

"లేదు."

"దిగులుగా ఉంటోందా?"

"బాగానే ఉన్నాను సిస్టర్."

"ఉండకేం! బంగారంలాంటి మొగుణ్ణి పక్కన పెట్టుకుని" అన్నాడు మెకానిక్. ముగ్గురూ నవ్వారు. నర్సు పదింటికీ టిక్కులు పెట్టి లేచింది. ఆ పూట ఆవిడకు ఇంకా నాలుగు ఇళ్ళున్నాయి.

ఆరోవారం టీకాకు చిన్ని రాలేదు. ఫోను చేస్తే పాపకు జలుబంది. వారం ఆగి చేస్తే ఇంకా తగ్గలేదంది. మూడోసారి ఫోను ఎత్తలేదు. జలుబు చేసిన పిల్లను ఏ తల్లయినా డాక్టరు దగ్గరికి పరిగెత్తుకుని తెస్తుంది. ఈ అమ్మాయి జలుబు పేరు చెప్పి రాకపోవడమేమిటని నర్సుకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. మర్నాడు పదింటికి మిషను భుజాన వేసుకుని బయల్దేరింది.

లిఫ్టు పనిచేయడం లేదు. ఐదంతస్తులూ ఎక్కి రొప్పుతూ తలుపు కొడితే మెకానికే తీశాడు. ఆ రోజు అతనికి సెలవు.

"ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తావు, నీ ఇంటి లిఫ్టుకి దిక్కులేదేం నాయనా?"

"ఇది మా కంపెనీది కాదు సిస్టర్. చెయ్యి పెడితే తంతారు" అన్నాడు. మునుపటిలా నవ్వలేదు. గడ్డం మాసి ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

ఇల్లంతా తడిబట్టల వాసన. గదిలో అడ్డంగా తాళ్ళు కట్టి బట్టలు ఆరేశారు. బాల్కనీ తలుపుకు అడ్డంగా పెద్ద బీరువా జరిపి ఉంది. పట్టపగలైనా లైటు వెలుగుతోంది. చిన్ని లోపలి గదిలో నేలమీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాప ఒళ్ళో లేదు. పక్కన పరుపు మీద ఉంది.

నర్సు పాపను ఎత్తుకుని చూసింది. ఒళ్ళు శుభ్రంగా ఉంది, గోళ్ళు కత్తిరించి ఉన్నాయి, ముడతల్లో పొడి అద్ది ఉంది. తూస్తే ఉండవలసిన దానికన్నా పావుకిలో ఎక్కువే ఉంది. ముక్కు పొడిగా ఉంది, జలుబు జాడే లేదు. పిల్లను పట్టించుకోని ఇల్లు కాదిది. మరి ఏమిటి?

"నేను పనినుంచి రాగానే పార్సిల్ అప్పజెప్పినట్టు పాపను నా చేతిలో పెట్టి బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంటుంది సిస్టర్" అన్నాడు మెకానిక్ గుమ్మంలో నిలబడి. "నెలరోజులుగా గడప దాటలేదు. మాట్లాడదు. నేనేం తప్పు చేశానో చెప్పదు. పోనీ తిట్టమనండి, పడతాను. అదీ లేదు. ఆ బీరువా ఎందుకు జరిపిందంటే ఎండ అంటుంది. పడమటి ఎండ పొద్దున పదింటికి వస్తుందా?"

చిన్ని పాప దుప్పటి సరిచేసింది.

"నాయనా, కిందికి వెళ్ళి ఆ లిఫ్టు వాళ్ళకి ఫోన్ చేసి కాస్త గట్టిగా మాట్లాడు. మళ్ళీ ఈ మిషను మోసుకుని దిగడం నావల్ల కాదు" అంది నర్సు. అతను ఆవిడ వైపు ఒక్క క్షణం చూసి, అర్థమైనట్టు తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

నర్సు కూడా నేలమీదే కూర్చుంది. ఫైలు తెరవలేదు.

"మొదటిసారి నేను వచ్చినప్పుడు నీ మొగుణ్ణి పక్కన పెట్టుకుని అడిగాను. అలా అడక్కూడదు. తప్పు నాది. ఇప్పుడు అడుగుతున్నాను తల్లీ. నిన్ను ఏది భయపెడుతోంది?"

తాడు మీది బట్టల్లోంచి ఒక చుక్క నేలమీద పడింది.

"చెప్తే పాపను తీసుకుపోతారు" అంది చిన్ని.

"నేను తీసుకుపోయేది ఈ మిషను ఒక్కటే."

"పాపను ఎత్తుకుని గడప దాటితే చాలు సిస్టర్..." ఆమె రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. "ఆ పిట్టగోడ కనిపిస్తుంది. నా చేతులు అటు చాచినట్టు, వదిలేసినట్టు... కళ్ళముందు జరిగిపోయినట్టే ఉంటుంది. మొదట వరండాలోనే వచ్చేది. తరవాత బాల్కనీలో. ఇప్పుడు నిలబడి ఎత్తుకుంటే చాలు వస్తోంది. అందుకే కూర్చునే పాలిస్తాను. కూర్చునే అన్నీ చేస్తాను. నేను ఎలాంటిదాన్ని సిస్టర్? ఏ తల్లికైనా ఇలాంటిది వస్తుందా?"

నర్సు ఆమె చేతుల్లో ఒకటి బయటికి తీసి పట్టుకుంది. చల్లగా ఉంది.

"అలా చెయ్యాలని నీకు ఉందా?"

"ఛీ! ఆ మాట అనకండి." చిన్ని చెయ్యి లాక్కుంది.

"ఎవరైనా అలా చెయ్యమని చెప్తున్నట్టు వినపడుతుందా? పాప నీ పాప కాదనో, ఆమెలో ఏదో చెడు ఉందనో అనిపిస్తుందా?"

"లేదు. నా పాపే. అందుకే కదా భయం."

"నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఈ ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వచ్చింది. "చావాలని కాదు. నేను లేకపోతే పాప క్షేమంగా ఉంటుందేమోనని... ఒక్కోసారి."

నర్సు అది విని బెదిరిపోలేదు, తేలిగ్గానూ తీసుకోలేదు. "నీకు కనిపిస్తున్నది నీ కోరిక కాదు తల్లీ, నీ భయం. కొత్తగా కన్నవాళ్ళకు ఇలాంటి ఆలోచనలు రావడం నేను చాలా చూశాను. తండ్రులకు కూడా వస్తాయి. చాలామందికి వచ్చి పోతాయి. నిన్ను పట్టుకుని వదలడం లేదు. అది జబ్బు. దానికి వైద్యం ఉంది. రేపు మా డాక్టరుగారి దగ్గరికి వెళ్దాం. ఆయన చూడకుండా నేను నీకు ఏ మాటా ఇవ్వను. కానీ ఈ భయం ఉందని తల్లినీ బిడ్డనూ విడదీయడం మాత్రం నేను ఎరగను."

చిన్ని అప్పుడు ఏడ్చింది. గొంతు బయటికి రాకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పాప లేస్తుందేమోనని.

మర్నాడు మెకానిక్ డ్యూటీకి వెళ్ళాక నర్సు వచ్చి పాపను ఎత్తుకుంది. చిన్ని వరండాలో ఇళ్ళ తలుపుల వైపే గోడ తడుముకుంటూ, ఒక్కో తలుపూ దాటుకుంటూ, గుడ్డిదానిలా నడిచింది. లిఫ్టు దాకా ఇరవై ఆరు అడుగులు. కిందికి దిగేసరికి ఆమె జాకెట్టు వీపంతా చెమటతో తడిసింది.

డాక్టరు పొడుగాటి మనిషి, తక్కువ మాట్లాడేవాడు. గంటసేపు విన్నాడు. ఇది ప్రసవం తరవాత వచ్చే ఆందోళన అనీ, ఒకే భయం మళ్ళీ మళ్ళీ బొమ్మగా కళ్ళముందుకు రావడం దాని లక్షణమనీ చెప్పాడు. పాలిచ్చే తల్లులు వేసుకోదగ్గ మాత్రలు రాశాడు. వారానికోసారి వచ్చి మాట్లాడమన్నాడు. పాపతోనే ఉండమన్నాడు. దూరంగా ఉంచితే భయం ఇంకా పెరుగుతుందన్నాడు.

"మీ ఆయనకు చెప్పారా?"

"లేదు."

"చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. చెప్పేటప్పుడు సిస్టర్ పక్కనుంటే మంచిది."

కానీ చిన్ని ఆగలేకపోయింది. ఆ సాయంత్రం అతను బూట్లు విప్పుతుండగానే చెప్పేసింది. రెండు నెలలుగా మోసిన బరువు ఒక్కసారి దించేసుకోవాలనుకుంది. డాక్టరు చెప్పిన మాటలు గుర్తు తెచ్చుకుని వరసగా చెప్పాలనుకుంది. కానీ నోట్లోంచి ముందుగా వచ్చింది పిట్టగోడ, చాచిన చేతులు. అక్కడిదాకా విన్నాక అతనికి ఇంకేమీ వినపడలేదు.

అతను అరవలేదు. ఒక బూటు విప్పి, రెండోది అలాగే ఉంచుకుని లేచాడు. సంచిలో పాప బట్టలు, గుడ్డలు, దుప్పటి కుక్కాడు.

"ఏం చేస్తున్నావ్?"

"తాడు సన్నబడిందని తెలిశాక నేను లిఫ్టులో మనుషుల్ని ఎక్కించను చిన్నీ. తాళం వేస్తాను. బాగయ్యాక తీస్తాను. నీ మంచికే."

"డాక్టరు పాపతోనే ఉండమన్నారు. కాగితం చూడు. సిస్టర్‌తో మాట్లాడు..."

"అక్క దగ్గర ఉంచుతాను. నువ్వు ముందు బాగుపడు."

పాపను ఎత్తుకుని విప్పిన బూటు మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. చిన్ని తలుపు దాకా వచ్చి గడప దగ్గర ఆగిపోయింది. వరండా పొడుగునా వాళ్ళిద్దరూ దూరమవుతుంటే చూస్తూ నిలబడింది. వెంటపడి లాక్కోవడానికి తనకు హక్కు లేదనిపించింది. అతను అన్నదే నిజమేమో అనిపించింది.

ఆ రాత్రి నుంచి అతను అక్క ఇంట్లోనే పడుకున్నాడు. పొద్దున ఒకసారి ఫోన్ చేసి "మందు వేసుకున్నావా" అని అడిగి పెట్టేసేవాడు. చిన్ని తిరిగి చేస్తే ఎత్తేవాడు కాదు. ఇదంతా నర్సుకు చెప్పడానికి చిన్నికి ముఖం చెల్లలేదు. నాలుగో రోజున నర్సు తనంతట తానే వచ్చింది. చిన్ని తలుపు తీసింది. జుట్టు దువ్వుకోలేదు. పాలు గడ్డకట్టి జ్వరం వచ్చి, నిలబడలేకపోతోంది.

"ఇప్పుడు పాప క్షేమంగా ఉంది సిస్టర్" అంది చిన్ని. "నేను అనుకున్నదే. నేను లేకపోతేనే బాగుంటుంది." ఈసారి ఆ మాటలో 'ఏమో' లేదు. అది నర్సు గమనించింది.

ఆవిడ ఆమెను ఒంటరిగా వదల్లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి, డాక్టరుకు చెప్పి, జ్వరానికి మందు ఇప్పించి, సాయంత్రం దాకా అక్కడే మంచం ఏర్పాటు చేసి, పక్కన ఒక నర్సును కూర్చోబెట్టింది.

"మీ వదిన ఇంటికి వెళ్ళి మాట్లాడనా? నువ్వు సరేనంటేనే" అని అడిగింది.

చిన్ని కళ్ళు మూసుకునే తల ఊపింది.

మెకానిక్ అక్కకు రెండు వీధుల అవతల లాండ్రీ ఉంది. అందరూ లాండ్రీ అక్క అనేవారు. యాభై దాటిన మనిషి, మోటుగా మాట్లాడేది. గిరాకీలు బాకీ పెట్టడానికే కాదు, ఆలస్యంగా రావడానికీ జంకేవారు. నర్సు వెళ్ళేసరికి ఆమె పెద్ద బల్ల దగ్గర నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. వెనక గదిలో ఉతికిన దుప్పట్ల మధ్య పాప నిద్రపోతోంది. మెకానిక్ మధ్యాహ్నం భోజనానికి వచ్చి, పాప పక్కనే కూర్చుని, కంచం ముట్టుకోకుండా చూస్తున్నాడు. అక్కకు అతను అసలు సంగతి చెప్పలేదు. "చిన్నికి ఒంట్లో బాగాలేదు" అని మాత్రం అన్నాడు.

"చిన్ని బాగానే ఉందా సిస్టర్?" అన్నాడు నర్సును చూడగానే లేచి. అతని గొంతులో ఆత్రం చూస్తే నర్సుకు కోపం సగం చల్లారింది.

"బాగాలేదు. నువ్వు పాపను తెచ్చేశాక ఇంకా బాగాలేదు."

"నన్నేం చెయ్యమంటారు? కడుపున పుట్టిన పిల్లను ఐదో అంతస్తు నుంచి పడేస్తున్నట్టు కనిపిస్తోందని తనే చెప్పింది. రేపు ఏదైనా జరిగితే? మీరు కాగితం మీద రాసుకుని పోతారు. నేను?"

ఇస్త్రీ చేస్తున్న చేయి ఆగింది. లాండ్రీ అక్క తల తిప్పకుండా అంది. "ఏమన్నావురా?"

మెకానిక్ నాలిక కరుచుకున్నాడు. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పాడు. నర్సు మధ్యలో అందుకుని, డాక్టరు ఏమన్నాడో, ఇది ఎలాంటి జబ్బో వివరించింది. "ఇలాంటివాళ్ళు పిల్లలకు హాని చెయ్యకుండా తమ చేతులు తామే కట్టేసుకుంటారు బాబూ. నీ భార్య నెలరోజులు నేలమీద కూర్చునే పాపను పెంచింది. ఎందుకనుకున్నావు?"

"మీకు నమ్మకం. నాకు భయం" అన్నాడతను. "నేను రోజూ చేసే పనే అది సిస్టర్. తాడు తెగుతుందా లేదా అని నమ్మకం మీద వదిలెయ్యం. ఆపేస్తాం."

"అది మనిషిరా. నీ లిఫ్టు కాదు" అంది అక్క.

ఆమె ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసేసింది. బల్ల మీదున్న చొక్కా మడతపెట్టడం మొదలుపెట్టి, సగం మడిచి వదిలేసింది. మధ్యాహ్నం పూట ఆ షాపులో ఇస్త్రీపెట్టె చల్లారడం మెకానిక్ ఎప్పుడూ చూడలేదు.

"నీ పెద్ద మేనల్లుడు పుట్టినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అప్పుడే ఈ షాపు పెట్టాం. వాణ్ణి ఆ మూల గంపలో పడుకోబెట్టుకుని పని చేసేదాన్ని. ఒకరోజు ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగా వాడు ఏడ్చాడు. అటు తిరిగాను. తిరిగేసరికి..." ఆమె తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "ఆ వేడి పెట్టెతోనే వాడి మీదికి వంగినట్టు కనిపించింది. అంతే. ఆ రోజు నుంచి రోజుకి ఇరవైసార్లు. పెట్టె పట్టుకుంటే వాడు, వాణ్ణి పట్టుకుంటే పెట్టె."

"అక్కా..."

"ఆగు. ముప్పై ఏళ్ళు ఆగాను, నువ్వు రెండు నిమిషాలు ఆగలేవా? మీ బావతో అనలేదు. అమ్మతో అనలేదు. నేను రాక్షసినని తెలిస్తే ఎవరు ఇంట్లో ఉంచుకుంటారు? షాపులో పని ఎక్కువైంది, చూసుకోలేకపోతున్నానని చెప్పి పాలు మాన్పించి వాణ్ణి అమ్మ దగ్గర దింపేశాను. నీకప్పుడు ఐదేళ్ళు. నువ్వొక పక్క, వాడొక పక్క అమ్మని పట్టుకుని పడుకునేవాళ్ళు. రెండేళ్ళు, రెండు నెలలు. అందరూ ఏమన్నారో తెలుసా? దీనికి డబ్బు పిచ్చి, కన్నకొడుకు కన్నా గిరాకీ ఎక్కువ అన్నారు. అననిచ్చాను. నిజం కన్నా అదే నయమనిపించింది."

నర్సు బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది.

"తరవాత ఎప్పుడో దానంతటది పోయింది. వాణ్ణి తెచ్చుకున్నాను. అప్పటికి వాడికి నేను చుట్టాన్ని. చిన్నాడు నన్ను నువ్వంటాడు. పెద్దాడు వాళ్ళ నాన్నని నువ్వంటాడు, అమ్మమ్మని నువ్వంటాడు. నన్ను 'మీరు' అంటాడు. వాడి ఆఫీసువాళ్ళు విని, మీ అబ్బాయి ఎంత మర్యాదస్తుడండీ అంటారు. నేను నవ్వుతాను."

బయట ఎవరో గిరాకీ బల్ల మీద తట్టి, జవాబు రాకపోయేసరికి వెళ్ళిపోయారు. లాండ్రీ అక్క లోపలికి వెళ్ళి, నిద్రలో ఉన్న పాపను దుప్పటితో సహా భుజాన వేసుకుంది.

"షాపు మూసి తాళం తీసుకురా" అంది తమ్ముడితో. "నాకైతే ఇది జబ్బని తెలిసినవాళ్ళు లేక వాణ్ణి పోగొట్టుకున్నాను. దానికి డాక్టరున్నాడు, ఈవిడుంది. ఇంక నువ్వొక్కడివే లేనిది."

చిన్ని ఆసుపత్రి మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. వదిన పాపను పక్కలో పెట్టగానే ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. "వద్దు వదినా, తీసుకుపోండి."

"కనిపిస్తోందా?"

చిన్ని కళ్ళు పెద్దవయ్యాయి. తల ఊపింది.

"కనిపించనీ. నేనిక్కడే కూర్చుంటాను. నువ్వు పాలివ్వు. అది కనిపించినంతసేపు కనిపిస్తుంది, పాప తాగినంతసేపు తాగుతుంది."

పాప వెతుక్కుని నోరు పెట్టింది. చిన్ని నొప్పికి పళ్ళు బిగించింది. గుమ్మంలో నిలబడిన మెకానిక్ లోపలికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఆమె పాదాల మీద దుప్పటి సరిచేశాడు.

లాండ్రీ అక్క మూడు వారాలు వాళ్ళింట్లోనే ఉంది. డాక్టరు చెప్పిన ప్రకారం రోజూ కొంచెం కొంచెంగా నేర్చుకున్నారు. మొదట పాపను ఎత్తుకుని గది మధ్యలో నిలబడడం. తరవాత గడప దగ్గర. తరవాత వరండాలో ఒక తలుపు దాకా, రెండు తలుపుల దాకా. బొమ్మ కళ్ళముందుకు వస్తే పారిపోకుండా, "వచ్చావా, సరే" అనుకుని అక్కడే నిలబడడం. కొన్ని రోజులు ముందుకు సాగింది, కొన్ని రోజులు గడప కూడా దాటలేదు. ఒకరోజు సగం వరండాలో మోకాళ్ళమీద కూలబడి "నావల్ల కాదు" అని ఏడుస్తుంటే, లాండ్రీ అక్క కూడా పక్కన చతికిలబడి, "లేవకు. కూర్చునే ఉందాం. అందరూ మనం వరండా కడుగుతున్నామనుకుంటారు" అంది. ఏడుస్తూనే చిన్నికి నవ్వొచ్చింది. మందు పనిచేయడానికి నెల పట్టింది. ఆ బొమ్మ రావడం పూర్తిగా ఆగిపోలేదు కాని, వచ్చినప్పుడు మునుపటిలా ఊపిరి ఆడకుండా చేసేది కాదు. నాలుగో నెలలో పాపకు ఆలస్యంగా టీకాలు వేయించడానికి చిన్నీయే ఎత్తుకుని వచ్చింది.

భార్యాభర్తల మధ్య పని అంత తేలిగ్గా జరగలేదు. ఇద్దరూ గురువారాలు ఆసుపత్రిలో ఒక గదిలో కూర్చుని, కౌన్సెలింగ్ చేసే ఆవిడ ముందు మాట్లాడుకునేవారు. మొదటి రెండు వారాలు అతను గోడ గడియారం చూస్తూ గడిపాడు. మూడోవారం చిన్ని అడిగింది. "ఆ నాలుగు రోజులూ నన్ను చూసి భయపడ్డావా?"

"భయపడ్డాను" అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని వెంటనే అనిపించింది.

"నేను చెప్పింది నిన్ను భయపెట్టడానికి కాదు. పట్టుకుంటావని."

ఈసారి అతను గడియారం వైపు చూడలేదు. "పాప పుట్టినప్పటినుంచి నాకు లిఫ్టు గుంతలోకి దిగాలంటే భయం వేస్తోంది చిన్నీ. నేను పోతే మీరిద్దరూ ఏమైపోతారని. పది రోజులు సిక్ లీవు పెట్టి పార్కులో కూర్చున్నాను. నీకు చెప్పలేదు. నువ్వు చెప్పినరోజు... నేను పట్టుకునే స్థితిలో లేను."

ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే పాప గురించి భయపడుతూ బతికారని చిన్నికి అప్పుడు తెలిసింది. తెలిసినంత మాత్రాన ఆ నాలుగు రోజులూ మాసిపోలేదు. ఆ తరవాత కూడా అతను పాపను ఎత్తుకుని సంచి భుజాన వేసుకుంటే, అది పక్క షాపు దాకా వెళ్ళడానికే అయినా, ఆమె చేతిలో పని వదిలి గుమ్మం దాకా వచ్చి నిలబడేది. ఎందుకో అతనికి తెలుసు. ఎక్కడికి వెళ్తున్నాడో, ఎన్నింటికి వస్తాడో చెప్పి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. శనివారం పొద్దున్న ఆసుపత్రిలో కొత్త తండ్రులు కలిసే గుంపులో చేరాడు. అక్కడ తన సంగతి చెప్పడానికి రెండు నెలలు పట్టింది. చెప్పాక మరో ముగ్గురు చెప్పారు.

తూకం నర్సు ఆ తరవాత ఏ ఇంట్లోనూ మొగుణ్ణి ఎదురుగా పెట్టుకుని ఆ ప్రశ్నలు అడగలేదు. మొగుణ్ణి వేరుగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగేది. ఒకసారి లాండ్రీ అక్క దగ్గర ఆగి, "మీ పెద్దబ్బాయికి చెప్పారా?" అంది.

"ఏం చెప్పను? నిన్ను వద్దనుకోలేదురా, నీకోసమే వదిలాను అనా? ముప్పై ఏళ్ళవాడు ఆ మాట ఎక్కడ పెట్టుకుంటాడు?" అంది ఆమె చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లుతూ. కాసేపటికి మళ్ళీ తనే అంది. "వాడి పెళ్ళానికి ఐదో నెల. ఆ అమ్మాయితో చెప్పాను. ఏది కనిపించినా దాచకు, ముందు నా దగ్గరికి రా అన్నాను. అంతవరకే చెయ్యగలిగాను."

మూడేళ్ళ తరవాత చిన్ని మళ్ళీ నెల తప్పింది. ఈసారి పరీక్షలకు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే వచ్చారు. చీటీలు రాసే గుమాస్తా తలెత్తకుండా, "ఇంతకుముందు ఏమైనా ఇబ్బందులున్నాయా? బీపీ, షుగర్?" అని అడిగాడు.

"అవేం లేవు. మొదటి కాన్పు తరవాత ఆందోళన జబ్బు వచ్చింది" అంది చిన్ని.

"నాక్కూడా" అన్నాడు మెకానిక్.

గుమాస్తా ఈసారి తలెత్తాడు. "మీ గురించి రాయడానికి ఇందులో గడి లేదు సార్."

"పక్కన రాయండి" అన్నాడు మెకానిక్.

గుమాస్తా కాస్త తటపటాయించి, ఖాళీగా ఉన్న అంచులో చిన్న అక్షరాలతో రాశాడు. ఇద్దరూ చీటీ తీసుకుని తమ వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నారు.